పీసీలో దూరిన చెక్క గుర్రం

వైరస్ వస్తే కంప్యూటరు మొరాయిస్తుంది. ఏదో తేడా ఉందని మనకు ఇట్టే తెలిసిపోతుంది. ట్రోజన్ అలాకాదు. కంప్యూటరు బ్రహ్మాండంగా పనిచేస్తూనే ఉంటుంది.. మన గుట్టు మాత్రం ఊరు దాటి, దేశం దాటి పోతుంటుంది. ఇంతకీ ఈ మాయదారి గుర్రం ఇంట్లోకి ఎలా వస్తుంది? ఏం పట్టుకుపోతుంది? రాకుండా ఏం చేయాలి?

తాళం పగల్లేదు. గోడకు కన్నం పడలేదు. వీధి కుక్క కూడా మొరగలేదు. ఇంట్లో వస్తువులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా ఇల్లు దోచేశారు! బ్యాంకు పాస్‌వర్డు, పాన్ కార్డు నకలు, అమ్మాయి పెళ్లి ఫొటోలు, పదేళ్ల ఈమెయిళ్లు.. అన్నీ దొంగ చేతికి చిక్కాయి. పైగా ఆ దొంగకు తలుపు తీసింది మనమే. మౌసుతో రెండుసార్లు క్లిక్కుమనిపించి మరీ!

ఆ దొంగ పేరే ట్రోజన్.

ఓ మామూలు ఇంటిని ఊహించుకుందాం. హాల్లో టీవీ పక్కన ఓ కంప్యూటరు. పొద్దున నాన్న అందులోనే కరెంటు బిల్లు కడతారు. రాత్రి అమ్మ డాలస్‌లో ఉన్న పెద్దమ్మాయితో వీడియోకాల్ మాట్లాడుతుంది. మధ్యలో ఇంటర్ చదివే అబ్బాయి గేములాడుకుంటాడు. ఓ ఆదివారం వాడికి రెండువేల రూపాయల గేమ్ ఒకటి నెట్‌లో ‘ఫ్రీ’గా కనిపించింది. డౌన్‌లోడ్ చేశాడు. ‘ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్‌ను కాసేపు ఆపెయ్యండి’ అని పక్కనే సూచన. ఆపేశాడు. ‘వైరస్ గట్రా వస్తుందేమోరా’ అని నాన్న అనుమానపడితే, ‘ఏం కాదు నాన్నా, బాగానే ఆడుతోందిగా’ అన్నాడు. నిజమే. గేమ్ బాగానే ఆడుతోంది. అసలు మోసమంతా అక్కడే ఉంది!

గేమ్ తెరుచుకునేలోపు దాని చాటున ఉన్న చిన్న ప్రోగ్రాము తన పని ముగించేసింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ ఊడ్చి, డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లలో పనికొచ్చేవి ఏరుకుని, అన్నింటినీ ఓ మూటకట్టి ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపేసింది. ఇదంతా నిమిషాల్లో పని. కొన్ని ట్రోజన్లు ఆ తర్వాత తమ ఆనవాళ్లు చెరిపేసుకుని మాయమైపోతాయి కూడా.

గుర్రం కథ

ట్రాయ్ నగరం మీద గ్రీకులు పదేళ్లు యుద్ధం చేశారని వాళ్ల పురాణగాథ. ఎంత చేసినా కోటగోడ దాటలేకపోయారు. చివరికి ఒడిస్సియస్ అనే వీరుడు ఓ ఎత్తు వేశాడు. పెద్ద చెక్క గుర్రాన్ని చేయించి, దాని కడుపులో సైనికుల్ని దాచి కోట బయట వదిలేశారు. మిగతావాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయినట్టు నటించారు. శత్రువు పారిపోయాడని సంబరపడిన ట్రాయ్ వాసులు గుర్రాన్ని తామే లోపలికి లాక్కెళ్లారు. అర్ధరాత్రి గుర్రం కడుపులోంచి సైనికులు దిగారు. కోట తలుపులు లోపలి నుంచే తెరుచుకున్నాయి.

కంప్యూటర్ ట్రోజన్‌ది కూడా ఇదే ఎత్తు. చాలామంది అన్నింటినీ కలిపి ‘వైరస్’ అనేస్తారుగానీ వీటిలో తేడా ఉంది. వైరస్ వేరే ఫైళ్లకు అంటుకుని వ్యాపిస్తుంది. వార్మ్ నెట్‌వర్క్‌లో లోపాలు వెతుక్కుంటూ ఒక కంప్యూటరు నుంచి మరోదానికి తనంతట తానే పాకుతుంది. ట్రోజన్‌ మాత్రం పనికొచ్చే వస్తువులా వేషం వేసుకుని వస్తుంది. గేము, పాట, బిల్లు, ఉద్యోగ ప్రకటన.. ఏ వేషమైనా వేస్తుంది. తెరవాల్సింది మాత్రం మనమే. అందుకే కోటగోడ లాంటి యాంటీవైరస్ ఎంత గట్టిగా ఉన్నా, గుర్రాన్ని లాక్కొచ్చే అలవాటు మానకపోతే లాభంలేదు.

ఫ్లాపీ రోజుల నుంచే..

1989 డిసెంబరులో దాదాపు 20 వేల ఫ్లాపీలు పోస్టులో పలు దేశాలకు చేరాయి. ఎయిడ్స్ వ్యాధి గురించి సమాచారం ఇచ్చే డిస్కు అని పైన రాసుంది. నమ్మి వేసుకున్నవారి కంప్యూటర్లలో కొన్నాళ్లకు ఫైళ్ల పేర్లన్నీ గందరగోళమైపోయాయి. బాగుచేయాలంటే 189 డాలర్లు పనామాలోని ఓ పోస్టుబాక్సుకు పంపాలట! జోసెఫ్ పాప్ అనే అమెరికా శాస్త్రవేత్త మీద ఈ కేసు పెట్టారు. ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే నడిచిన ట్రోజన్ కథ ఇది.

2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అంటూ ఓ మెయిలు ప్రపంచాన్ని చుట్టేసింది. దానికి జతచేసిన ప్రేమలేఖ పేరు చివర ‘డాట్ టీఎక్స్‌టీ’ అని ఉండటంతో మామూలు ఉత్తరమే అనుకున్నారు అందరూ. దాని వెనక ‘డాట్ వీబీఎస్’ అని ఇంకో తోక ఉంది. విండోస్ దాన్ని చూపించకుండా దాచేసింది. లేఖ తెరిస్తే అది మన అడ్రస్ పుస్తకంలో ఉన్నవారందరికీ తనను తాను పంపుకోవడమే కాదు, పాస్‌వర్డులు దొంగిలించే ట్రోజన్‌ను కూడా దించుకునే ప్రయత్నం చేసేది. దీన్ని రాసింది ఫిలిప్పీన్స్ కుర్రాడు ఒనెల్ డి గుజ్మన్. ఇంటర్నెట్‌కు డబ్బు కట్టలేక, ఇతరుల పాస్‌వర్డులు కాజేసి నెట్ వాడుకోవాలన్నదే తన ఉద్దేశమని ఇరవయ్యేళ్ల తర్వాత, 2020లో ఒప్పుకున్నాడు. అప్పట్లో ఆ దేశంలో సరైన చట్టమే లేకపోవడంతో అతనికి శిక్ష పడలేదు.

ఇక 2007లో బయటపడిన ‘జ్యూస్’తో ఆట మారిపోయింది. ఇది పక్కా బ్యాంకు దొంగ. మనం అసలు బ్యాంకు వెబ్‌సైట్‌కే వెళ్తాం. చిరునామా సరిగ్గానే ఉంటుంది. తాళం గుర్తూ ఉంటుంది. కానీ లోపల కూర్చున్న జ్యూస్ ఆ పేజీలోనే ఓ గడిని అదనంగా చేర్చి ఏటీఎం పిన్ అడుగుతుంది. బ్యాంకే అడిగిందనుకుని కొట్టేస్తాం! జ్యూస్‌తో ఒక ముఠా 7 కోట్ల డాలర్లు కొట్టేసిందని 2010లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. చిన్న కంపెనీలు, పట్టణ కార్యాలయాలు, చర్చిలు కూడా బాధితుల జాబితాలో ఉన్నాయి. దాని తర్వాతి తరమైన ‘గేమ్‌ఓవర్ జ్యూస్’ వెనక ఉన్నాడంటూ ఎవ్‌గెనీ బొగాచెవ్ అనే రష్యన్ మీద 2015లో అమెరికా ప్రభుత్వం పెట్టిన వెల 30 లక్షల డాలర్లు!

మూటలో ఏముంటాయి?

ఇప్పుడు తిరుగుతున్న డేటా దొంగల్ని ‘ఇన్ఫోస్టీలర్లు’ అంటున్నారు. వీటి కన్ను ప్రధానంగా వీటిమీదే ఉంటుంది..

పాస్‌వర్డులు: ‘ఈ పాస్‌వర్డును గుర్తుపెట్టుకోమంటారా?’ అని బ్రౌజర్ అడగ్గానే మనం ‘ఎస్’ అనేస్తాం. సౌకర్యమే. కానీ ఇంటి తాళాలన్నీ ఒకే మేకుకు తగిలించినట్టు! దొంగ లోపలికొస్తే మొదట వెతికేది ఆ మేకునే.

మనం నొక్కే అక్షరాలు: కీలాగర్ అనే రకం కీబోర్డు మీద మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకుంటుంది. కొన్నయితే తెరను ఫొటోలు కూడా తీస్తాయి. అందుకే తెరమీది కీబోర్డు వాడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు.

కాగితాలు: ఆధార్, పాన్, పాస్‌పోర్టు స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ‘పాస్‌వర్డ్స్’ అని పేరు పెట్టుకున్న నోట్‌ప్యాడ్ ఫైళ్లు. ఆ పేరు పెట్టడం బీరువా మీద ‘నగలు ఇక్కడ’ అని బోర్డు పెట్టడమే.

కుక్కీలు: అన్నింటిలోకీ విలువైనవి ఇవే. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కుక్కీ పోతే ఓటీపీ ఏం చేస్తుంది?

ఎగ్జిబిషన్‌కు వెళ్లాం. టికెట్ చూపించి లోపలికి పోయాం. మధ్యలో బయటికెళ్లి రావాలంటే చేతిమీద ఓ ముద్ర వేస్తారు. తిరిగొచ్చాక ముద్ర చూస్తారుగానీ మళ్లీ టికెట్ అడగరు. వెబ్‌సైట్లదీ అదే పద్ధతి. ఒకసారి పాస్‌వర్డు, ఓటీపీ కొట్టి లోపలికెళ్లాక మన బ్రౌజర్‌కు ఓ ముద్ర వేస్తాయి. అదే కుక్కీ. అందుకే మెయిల్ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డు కొట్టాల్సిన పని ఉండదు.

ఆ ముద్రనే దొంగ కాపీ కొట్టేస్తే? పాస్‌వర్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు.. నేరుగా మన మెయిల్లోకి వెళ్లి కూర్చుంటాడు! 2023 మార్చిలో ‘లైనస్ టెక్ టిప్స్’ అనే ప్రసిద్ధ యూట్యూబ్ ఛానెల్‌కు జరిగింది ఇదే. కంప్యూటర్ల గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే ఛానెల్ అది. ప్రకటన ఇస్తామంటూ వచ్చిన మెయిల్లోని ఫైలును సిబ్బందిలో ఒకరు పీడీఎఫ్ అనుకుని తెరిచారు. అంతే.. ఛానెల్ దొంగల చేతుల్లోకి పోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకునేలోపు అందులో దొంగ క్రిప్టో ప్రచారాలు ప్రసారమైపోయాయి. నిపుణుల ఇంటికే ఎసరు పెట్టినప్పుడు మనమెంత!

ఓటీపీ దండగని దీని అర్థం కాదు. పాస్‌వర్డు మాత్రమే తెలిసిన దొంగను అది గుమ్మంలోనే ఆపేస్తుంది. కాకపోతే ‘ఓటీపీ ఉందిగా, నాకేం కాదు’ అన్న ధీమా మాత్రం పనికిరాదు.

దొంగ సొత్తుకో సంత

దొంగిలించిన మూటలు ఏమవుతాయి? అమ్ముడుపోతాయి! ట్రోజన్ రాసేవాడొకడు, దాన్ని నెలవారీ అద్దెకు తీసుకుని వదిలేవాడొకడు, వచ్చిన మూటల్ని కొనేవాడు మరొకడు. ‘జెనెసిస్ మార్కెట్’ అనే వెబ్‌సైట్ అచ్చంగా ఇలాంటి సంతే. 15 లక్షలకు పైగా కంప్యూటర్ల నుంచి కొట్టేసిన సమాచారం అందులో అమ్మకానికి పెట్టారని అమెరికా న్యాయశాఖ తేల్చింది. 2023 ఏప్రిల్లో 17 దేశాల పోలీసులు కలిసి దాన్ని మూయించారు. ఆ దాడికి పెట్టిన పేరు ‘ఆపరేషన్ కుక్కీ మాన్‌స్టర్’.

అయినా సంతలు ఆగలేదు. 2025లో ‘లుమా’ అనే ట్రోజన్ రెండంటే రెండు నెలల్లో, మార్చి 16 నుంచి మే 16 లోపు, ప్రపంచవ్యాప్తంగా 3.94 లక్షలకు పైగా విండోస్ కంప్యూటర్లలో దూరిందని మైక్రోసాఫ్ట్ లెక్కతేల్చింది. కోర్టు ఉత్తర్వుతో దాదాపు 2,300 వెబ్ చిరునామాలను స్తంభింపజేయాల్సి వచ్చింది.

ఒకసారి పోయిన పాస్‌వర్డుకు కాలపరిమితి ఉండదు. 2024లో ‘స్నోఫ్లేక్’ అనే క్లౌడ్ సంస్థ ఖాతాదారుల డేటా పెద్దయెత్తున చోరీ అయింది. దాదాపు 165 సంస్థలకు ముప్పు ఉందని హెచ్చరికలు వెళ్లాయి. దర్యాప్తు చేసిన మాండియంట్ నిపుణులకు దొరికిన ఆధారాలేమిటో తెలుసా? దొంగలు వాడిన పాస్‌వర్డుల్లో కొన్ని 2020లోనే ట్రోజన్లు కొట్టేసినవి! నాలుగేళ్లయినా ఎవరూ మార్చలేదు. రెండో అంచె తాళమూ పెట్టుకోలేదు. ఇంకో సంగతి.. ట్రోజన్ దూరిన కంప్యూటర్లలో కొన్ని కాంట్రాక్టు ఉద్యోగుల సొంత పనులకూ వాడుతున్నవే. వాటిలో గేములాడారు, పైరసీ సాఫ్ట్‌వేర్లు దించుకున్నారు. ఇంటి నుంచి పనిచేసే కొడుకో కోడలో ఉన్న ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవాల్సిన ముచ్చట ఇది. ఇంట్లో పిల్లాడు ఆడే గేమ్ పెద్దవాళ్ల ఉద్యోగానికే ఎసరు తేగలదు.

ఏ తలుపు తీస్తున్నాం?

ఉచితం.. ఉచితం: డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కు ‘క్రాక్’, ‘కీజెన్’, గేములకు ‘చీట్’, కొత్త సినిమా ప్రింటు చూసేందుకు ‘ప్లేయర్’.. ట్రోజన్‌కు ఇష్టమైన వేషాలివే. ఉచితంగా వస్తే ఫినాయిల్ అయినా తాగేస్తామన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ఇవి తరచూ పాస్‌వర్డు పెట్టిన జిప్ ఫైళ్లలో వస్తాయి. జిప్‌కు తాళం ఉంటే లోపలేముందో యాంటీవైరస్ చూడలేదు కాబట్టే ఆ ఏర్పాటు.

జతచేసిన ఫైలు: కొరియర్ రశీదు, ఆదాయపు పన్ను నోటీసు, ఇంటర్వ్యూ లెటర్.. ఏదో ఒక పేరుతో వస్తుంది. ‘బిల్ డాట్ పీడీఎఫ్’ అని కనిపిస్తుంది. అసలు పేరు ‘బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ’. ఐ లవ్ యూ నాటి పాత ఎత్తే. పాతికేళ్లయినా పాతబడలేదు.

ప్రకటనల మాటున: ఫలానా సాఫ్ట్‌వేర్ కావాలని సెర్చిలో వెతికితే అన్నింటికన్నా పైన కనిపించేది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. అది అసలు కంపెనీదే కావాలనేం లేదు. అచ్చు అలాంటి వెబ్‌సైట్‌నే తయారుచేసి దొంగ సరుకు పెడుతున్నారు.

‘నేను రోబోను కాదు’: 2024 నుంచి బాగా పెరిగిన కొత్త మోసం. వెబ్‌సైట్‌కు వెళ్తే ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అంటుంది. విండోస్ బటన్‌తో కలిపి ‘ఆర్’ నొక్కండి, తర్వాత కంట్రోల్ ‘వి’, ఆపైన ఎంటర్ కొట్టండి అని మూడు మెట్లు చెబుతుంది. మనకు తెలియకుండానే ఆ పేజీ ఓ ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతుంది. మనం చేసేది దాన్ని మన చేత్తోనే కంప్యూటర్‌కు ఇవ్వడం! ఏ అసలైన వెబ్‌సైటూ ఇలా కీబోర్డు మీద ఆదేశాలు కొట్టమని అడగదు. ఇంట్లో అందరికీ చెప్పాల్సిన మాట ఇది.

జిరాక్స్ షాపు: హాల్‌టికెట్ ప్రింటుకు పెన్‌డ్రైవ్ తీసుకెళ్తాం. లేదంటే అక్కడి కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి ఫైలు దించుకుంటాం. రోజంతా వందమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటరది. దాని ఆరోగ్యం మనకు తెలియదు. ప్రింటు తీసుకున్నాక మన ఫోన్లో వాట్సాప్ ‘లింక్డ్ డివైసెస్’లోకి వెళ్లి ఆ కంప్యూటర్ను తీసేయాలి. పెన్‌డ్రైవ్‌ను ఇంటికొచ్చాక స్కాన్ చేయకుండా తెరవకూడదు.

పాత సాఫ్ట్‌వేర్: పాస్‌వర్డులు భద్రపరిచే ‘లాస్ట్‌పాస్’ సంస్థకే 2022లో దెబ్బ తగిలింది. ఎక్కడ నుంచి? ఓ ఇంజినీరు ఇంట్లోని కంప్యూటర్ నుంచి. అందులో ఉన్న వీడియోల సాఫ్ట్‌వేర్‌ను చాన్నాళ్లుగా అప్‌డేట్ చేయలేదు. ఆ కంతలోంచి దూరి కీలాగర్ పెట్టారు. మాస్టర్ పాస్‌వర్డు పట్టేశారు. తలుపు మనం తీయకపోయినా, విరిగిన గడియ బాగుచేయించకపోతే ఫలితం ఒకటే.

ఇలా కాపాడుకుందాం

ఇందులో చాలావరకూ పైసా ఖర్చులేని పనులే. ఓ ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతాయి.

ఎవరి ఖాతా వారిదే: కంప్యూటర్లో ఇంటిల్లిపాదికీ ఒకే లాగిన్ వద్దు. సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్’లోకి వెళ్లి పిల్లలకు విడిగా ‘స్టాండర్డ్ యూజర్’ ఖాతా తెరవండి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు పెద్దల దగ్గరే ఉండాలి. పిల్లాడి ఖాతాలో ట్రోజన్ దూరినా నాన్న బ్రౌజర్లోని పాస్‌వర్డుల్ని అందుకోవడం దానికి చాలా కష్టమవుతుంది. బ్యాంకు పనికి ఇంకో ఖాతా పెట్టుకుంటే మరీ మంచిది.

తోక చూడండి: ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పైన ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కు టిక్కు పెట్టండి. ఇకమీదట ప్రతి ఫైలూ తన అసలు తోకతోనే కనిపిస్తుంది. బిల్లు అని చెప్పి ‘డాట్ ఈఎక్స్‌ఈ’, ‘డాట్ వీబీఎస్’, ‘డాట్ ఎస్‌సీఆర్’ లాంటి తోకలతో వస్తే అది గుర్రమే!

అప్‌డేట్లు వాయిదా వేయొద్దు: విండోస్, బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్.. అన్నీ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అది వాడుతున్నవారు పదకొండుకు మారడమో, వీల్లేకపోతే ఆ కంప్యూటర్లో బ్యాంకు పనులు మానడమో చేయాలి. ‘అప్‌డేట్ చేసుకోండి’ అని ఏదో వెబ్‌సైట్ చెబితే మాత్రం నమ్మొద్దు. సెట్టింగ్స్‌లోకి మనమే వెళ్లి చేసుకోవాలి.

తాళాలు ఒకచోట వద్దు: బ్యాంకు, మెయిలు పాస్‌వర్డుల్ని బ్రౌజర్లో దాచొద్దు. వాడనప్పుడు తాళం పడే విడి పాస్‌వర్డ్ మేనేజర్ మేలు. అదీ కష్టమనుకుంటే ఓ డైరీలో రాసి బీరువాలో పెట్టండి. నవ్వొద్దు.. సముద్రాల అవతలున్న దొంగ మీ బీరువాలోని డైరీ చదవలేడు! ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డు మాత్రం తప్పనిసరి.

రెండో అంచె తాళం: మెయిలుకు, సామాజిక ఖాతాలకు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. పాస్‌కీ సదుపాయం ఉన్నచోట దానికి మారండి. అందులో దొంగిలించడానికి పాస్‌వర్డే ఉండదు.

పని కాగానే బయటికి: బ్యాంకు పని అయ్యాక విండో మూసేస్తే చాలదు, ‘లాగౌట్’ నొక్కాలి. అప్పుడే ఆ ముద్ర చెల్లకుండా పోతుంది.

కార్డుకు కళ్లెం: విదేశీ వెబ్‌సైట్లలో కొన్ని ఓటీపీ అడక్కుండానే కార్డు నుంచి డబ్బు తీసుకుంటాయి. అవసరం లేనప్పుడు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీల్ని ఆపేసి ఉంచండి.

కాగితాలకు కాపలా: ఆధార్, పాన్ స్కాన్లు డెస్క్‌టాప్ మీద వద్దు. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి మార్చి, దాన్ని పీకి పక్కన పెట్టండి. ఫొటోలు, ముఖ్యమైన ఫైళ్లకు ఎప్పుడూ రెండో కాపీ ఉండాలి.

యాంటీవైరస్ ఉంటే చాలదా?

ఉండాలి. ఉంటే మాత్రం చాలదు. విండోస్ 10, 11లలో ‘డిఫెండర్’ దానితోపాటే వస్తుంది. మామూలు ఇంటికి అది సరిపోతుంది. వేరేది కొనుక్కున్నా తప్పులేదు. రెండు మూడు ఒకేసారి పెట్టుకుంటేనే ఒకదానికొకటి అడ్డుపడతాయి. చిక్కేమిటంటే, ట్రోజన్లు రాసేవాళ్లు కూడా అవే యాంటీవైరస్‌లను దగ్గర పెట్టుకుని, వాటికి దొరకనంతవరకూ వేషం మార్చి మార్చి చూస్తారు. కొత్త వేషం పాతదయ్యేలోపు కొన్ని ఇళ్లు మునుగుతాయి.

ఏదైనా ఫైలు మీద అనుమానం వస్తే ‘వైరస్ టోటల్’ వెబ్‌సైట్‌లో వేసి చూడొచ్చు. పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించి చెబుతుంది. ఉచితమే. కానీ అక్కడ వేసిన ఫైలును ఇతర నిపుణులూ చూసే వీలుంది కాబట్టి సొంత పత్రాలు వేయకూడదు. అన్నింటికన్నా తేలికైన సూత్రం ఒకటుంది.. ‘యాంటీవైరస్‌ను ఆపితేనే ఇది పనిచేస్తుంది’ అని ఏ ఫైలైనా అందంటే, కాపలావాణ్ని ఇంటికి పంపించమని దొంగ అడిగినట్టే. ఆ ఫైలును అక్కడికక్కడే డిలీట్ చేయడం ఉత్తమం.

అనుమానమొస్తే..

డేటా దొంగలు చాలాసార్లు ఏ ఆనవాలూ మిగల్చవు. అయినా కొన్ని సూచనలుంటాయి. మనం పంపని మెయిళ్లు ‘సెంట్’లో కనిపించడం, తెలియని ఊరి నుంచి లాగిన్ అయినట్టు హెచ్చరిక రావడం, డిఫెండర్ దానంతటదే ఆగిపోవడం, బ్రౌజర్లో మనం పెట్టని ఎక్స్‌టెన్షన్ ఉండటం, బ్యాంకు పేజీలో ఎప్పుడూ లేని గడి కనిపించడం. వీటిలో ఏది కనిపించినా కంగారుపడొద్దు. చేయాల్సిన పనులకు ఓ వరస ఉంది. ఆ వరస తప్పితేనే ప్రమాదం.

మొదట వైఫై ఆపేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. ట్రోజన్‌కు బయటి లోకంతో సంబంధం తెగిపోవాలి.

తర్వాత పాస్‌వర్డులు మార్చాలి. ఆ కంప్యూటర్లో మాత్రం కాదు! దొంగ ఇంకా లోపలే ఉంటే కొత్త తాళంచెవి కూడా వాడి చేతిలో పెట్టినట్టే. ఫోన్లోనో, పక్కింటి మంచి కంప్యూటర్లోనో మార్చండి. ముందు మెయిలుది మార్చాలి. ఎందుకంటే మిగతా ఖాతాల ‘ఫర్గాట్ పాస్‌వర్డు’ లింకులన్నీ వచ్చేది అక్కడికే. ఆ తర్వాత బ్యాంకు, షాపింగు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్.

మార్చడంతోపాటు ‘అన్ని డివైజ్‌ల నుంచి సైనౌట్’ నొక్కండి. కొట్టేసిన కుక్కీలు చెల్లకుండా చేసేది ఇదే. మెయిల్ సెట్టింగ్స్‌లో రికవరీ ఫోన్ నంబరు మీదేనా, మెయిళ్లు వేరేవారికి ఫార్వర్డ్ అయ్యేలా ఎవరైనా పెట్టారా.. ఇవీ చూసుకోండి. దొంగ వెళ్లిపోతూ తెరిచిపెట్టిన పెరటి తలుపులివి.

డబ్బు పోతే ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయండి. దేశమంతటికీ ఇదే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చెబితే డబ్బును మధ్యలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకుకూ వెంటనే చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడుకుంటే ఐటీ చట్టంలోని 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా ఉన్నాయి. ‘ఏం చెబుతాంలే, నలుగురిలో నవ్వులపాలు’ అని ఊరుకోవద్దు.

చివరగా కంప్యూటర్ వైద్యం. డిఫెండర్లో ‘ఆఫ్‌లైన్ స్కాన్’ ఉంది. విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవాటిని పట్టే అవకాశం ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ కూడా ఇలాంటివాటిని తొలగించే సాధనాల్ని ఉచితంగా ఇస్తోంది. పూర్తి నిశ్చింత కావాలంటే మాత్రం ముఖ్యమైన ఫైళ్లు పక్కకు తీసి, విండోస్‌ను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవడమే మేలు.

మన మెయిల్ ఏదైనా చోరీలో బయటపడిందేమో చూసుకునేందుకు ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. 2013లో దీన్ని ప్రారంభించిన ఆస్ట్రేలియా నిపుణుడి పేరేమిటో తెలుసా? ట్రాయ్ హంట్!

ఇక పిల్లల సంగతి. ఏదో పొరపాటున నొక్కేశామని వాళ్లు వచ్చి చెబితే దయచేసి తిట్టకండి. తిడితే మరోసారి చెప్పరు. చెప్పకుండా గడిచే ప్రతి గంటా దొంగకు లాభమే. ‘చెప్పి మంచిపని చేశావు’ అని భుజం తట్టి, ముందు వైఫై ఆపేయండి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లోవాళ్లంతా ఒకరికొకరు చెప్పుకుంటే మాత్రం ఈ ఇంటిదొంగ ఎక్కువకాలం దాక్కోలేడు.